తలకింద దిండు, పొలం చుట్టూ కంచె

లండన్‌కు ఈశాన్యంగా ఎసెక్స్‌లో రాడ్వింటర్ అని ఒక పల్లె ఉంది. 1570లలో అక్కడి చర్చి గురువు విలియం హారిసన్. ఇంగ్లండ్ జనం ఎలాంటి ఇళ్లలో ఉంటారో, ఏం తింటారో, ఏం కట్టుకుంటారో వివరంగా రాసి 1577లో అచ్చు వేయించాడు. తన ఊళ్లో ముసలివాళ్లు చెప్పిన మాటలు కూడా అందులో పెట్టాడు. తమకు ఊహ తెలిశాక మూడు సంగతులు పూర్తిగా మారిపోయాయని వాళ్లన్నారట. మొదటిది పొగగొట్టాలు. వాళ్ల చిన్నతనంలో ఊరికి రెండో మూడో ఉంటే గొప్ప, ఇప్పుడు ఎటు చూసినా అవే. రెండోది పడక. అప్పట్లో గడ్డిపరుపు మీద పడుకుని తలకింద గుండ్రటి దుంగ పెట్టుకునేవాళ్లు. పెళ్లయిన ఏడేళ్లలోపు ఒక మంచి పరుపూ, తల ఆన్చుకోడానికి ఊక నింపిన సంచీ కొనుక్కోగలిగితే ఆ మనిషికి తాను ఊరి దొరకు తీసిపోనన్న ధీమా. దిండు బాలింతలకే. పనివాళ్లకు పైన కప్పుకోను దుప్పటి దొరికితే అదే భాగ్యం. కింద పరుచుకోను ఏమీ ఉండేది కాదు, గడ్డిపరకలు గోనెగుడ్డలోంచి పొడుచుకొచ్చి ఒంటికి గుచ్చుకునేవి. ఇక మూడోది, చెక్క పళ్లాలు పోయి తగరపు పళ్లాలు, చెక్క చెంచాలు పోయి వెండి చెంచాలు రావడం.

ఆ కాలం బాగుపడిందని చూపడానికి ఈ మాటలను తరచుగా ఉదాహరిస్తారు. అయితే అదే ముసలివాళ్లు మరో మూడు సంగతులు కూడా చెప్పారు. కౌళ్లు పెరిగిపోవడం, చిన్న రైతులను భూస్వాములు రోజూ పీడించడం, వడ్డీ వ్యాపారం. ఈ మూడూ తమను కుంగదీస్తున్నాయన్నారు. నాలుగు పౌండ్ల పాత కౌలు నలభైకీ యాభైకీ, చివరికి వందకు కూడా ఎక్కిందట. అంత కౌలు కట్టి కూడా కొందరు రైతులు గడువు తీరేనాటికి ఆరేడేళ్ల కౌలు డబ్బు చేతిలో మిగలకపోతే ఏం సంపాదించినట్టని అనుకుంటున్నారని హారిసన్ రాశాడు. వాళ్ల ఇళ్లలో మూడు నాలుగు ఈకల పరుపులు, వెండి ఉప్పుగిన్నె, డజను చెంచాలు.

మంచీ చెడూ ఒకే నోట, ఒకే ఊరి గురించి వచ్చాయి. మన బళ్లలో 1500 నుంచి 1700 దాకా ఇంగ్లండ్ చరిత్ర అంటే ఎనిమిదో హెన్రీ భార్యలు, స్పెయిన్ నౌకాదళం ఓటమి, రాజు తల నరకడం. రాడ్వింటర్ ముసలివాళ్ల మాటల్లో ఉన్నది వేరే కథ. ఒక ఊరు లోపలి నుంచి రెండుగా చీలిపోయిన కథ. కొందరి తలకింద దిండును, మరికొందరి ముందు కంచెను తెచ్చిపెట్టింది ఒకే మార్పు అని నా నమ్మకం. అది ఎలా జరిగిందో విడదీసి చూద్దాం.

ముందు ఇంటి లోపలికి వెళ్దాం. పొగగొట్టం లేని ఇంట్లో నడుమ ఒక పెద్ద గది, దాని మధ్య నేలమీదే నెగడు. పొగ లేచి కప్పు సందుల్లోంచి పోవాలి, కాబట్టి పైన అటక వేయడానికి వీల్లేదు. యజమాని, భార్య, పిల్లలు, పాలేర్లు, పనిపిల్లలు అందరూ ఆ మంట చుట్టూనే. కెంట్, ససెక్స్‌లలో ఇప్పటికీ నిలిచి ఉన్న అప్పటి ఇళ్ల కప్పు కిందికి ఎక్కి చూస్తే దూలాలు మసిపట్టి నల్లగా కనిపిస్తాయి. గోడ పక్కన ఇటుకలతో పొగగొట్టం కట్టాక పొగకు వేరే దారి దొరికింది. పెద్ద గది మీద అంతస్తు లేచింది. పడకగది పైకి, వంటిల్లు వెనక్కి వెళ్లాయి. కిటికీలకు గాజు వచ్చింది. దాంతోపాటు ఇంకొకటి కూడా జరిగింది: యజమాని ఒక గదిలో, పనివాళ్లు ఇంకో గదిలో కూర్చుని తినడం మొదలైంది. ఒకే మంట దగ్గర చలి కాచుకున్నవాళ్ల మధ్య గోడ లేచింది.

ఈ సంగతులు ఇంత వివరంగా ఎలా తెలిశాయంటే, మనిషి పోయాక ఇరుగుపొరుగు ఇద్దరు ముగ్గురు వచ్చి గదిగదికీ తిరిగి, ఇత్తడి కుండ నుంచి పొగగొట్టంలో వేలాడదీసిన పందిమాంసం దాకా ప్రతి వస్తువూ రాసి ధర కట్టేవాళ్లు. అలాంటి జాబితాలు వేలకు వేలు మిగిలాయి. చదువుతుంటే ఎవరో మన చెయ్యి పట్టుకుని ఆ ఇంట్లో తిప్పుతున్నట్టుంటుంది. కానీ ఏమీ లేని మనిషి చనిపోతే జాబితా రాసేదేముంది? అందుకే ఆ కాగితాల్లో కనిపించే ఇంగ్లండ్ ఉన్న ఇంగ్లండ్ కంటే ఎప్పుడూ కాస్త కలిగినదిగానే కనిపిస్తుంది.

ఇక లెక్కల్లోకి వెళ్దాం. 1538లో ఎనిమిదో హెన్రీ మంత్రి థామస్ క్రామ్‌వెల్ ప్రతి పారిష్‌లోనూ, అంటే ఒక చర్చి కింది ఊరు లేదా పేటలో, బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, ఖననాలు పుస్తకంలో రాయాలని ఆజ్ఞాపించాడు. కొత్త పన్ను వేయడానికే ఈ లెక్కలని చాలాచోట్ల జనం భయపడ్డారు. నాలుగు శతాబ్దాల తర్వాత చరిత్రకారులు ఆ పుస్తకాలను కూడి జనాభాను అంచనా కట్టారు. 1541లో ఇంగ్లండ్ జనం 28 లక్షలకు కాస్త తక్కువ. 1601లో 41 లక్షలు. 1650లలో 52 లక్షలు దాటింది. భూమి మాత్రం అంతే ఉంది. ఎనిమిదో హెన్రీ చివరి రోజుల్లో నాణేల్లో వెండి తగ్గించి ముద్రించడం, అమెరికా నుంచి యూరప్‌కు వెండి రావడం ధరలను ఎగదోశాయి, కానీ అసలు కారణం తినే నోళ్లు పెరగడమే. 1500కూ 1640కీ మధ్య ధాన్యం ధర అయిదారు రెట్లయింది. కూలి అంత పెరగలేదు. రోజుకూలీ సంపాదన కొనగలిగే తిండి సుమారు సగానికి పడిపోయింది.

ధర పెరిగితే రైతు బాగుపడాలి కదా అనిపిస్తుంది. ఏ రైతు అన్నదే ప్రశ్న. ఒక లెక్క ఊహించుకుందాం. పెద్ద రైతుకు మంచి ఏడాది వెయ్యి బస్తాలు పండుతాయి. ఇంటికీ విత్తనానికీ మూడొందలు పోగా ఏడొందలు అమ్ముతాడు. పంట దెబ్బతిన్న ఏడాది ఏడొందలే పండితే నాలుగొందలు అమ్ముతాడు, కానీ ధర రెట్టింపై ఉంటుంది కాబట్టి మంచి ఏడాది కంటే ఎక్కువే చేతికొస్తుంది. చిన్న రైతుకు మంచి ఏడాది వంద బస్తాలు. తిండికీ విత్తనానికీ ఎనభై పోగా ఇరవై అమ్మి కౌలు కడతాడు. చెడ్డ ఏడాది డెబ్బై పండితే అమ్మడానికి ఏమీ ఉండదు సరికదా, పది బస్తాలు రెట్టింపు ధరకు తనే కొనాలి. అప్పు చేస్తాడు. అలాంటి ఏడాది వెంట ఇంకొకటి వస్తే పొలం పెద్ద రైతు చేతికి పోతుంది. 1594 నుంచి 1597 దాకా వరసగా నాలుగేళ్లు పంటలు పోయాయి. ఆ నాలుగేళ్లలో ఎన్నో కుటుంబాలు రైతుల నుంచి కూలీలుగా మారిపోయాయి. అవతలి వైపు పెద్ద రైతులు, వాళ్ల భాషలో యోమన్లు, ఇంటికి పొగగొట్టం కట్టుకున్నారు. ఎవరి దుర్మార్గమూ అక్కర్లేకుండానే ఇదంతా జరిగిపోతుంది. నాకు బాధ కలిగించేది అదే.

దుర్మార్గం కూడా ఉంది. ఊరుమ్మడి బంజరులో ఆవును మేపుకోవడం, కట్టెలు ఏరుకోవడం, కోతల తర్వాత పరిగె ఏరుకోవడం పేదవాళ్లకు సగం బతుకు. ఉన్ని గిరాకీ పెరిగిన కొద్దీ భూస్వాములు ఆ బంజర్లను కంచెలు వేసి కలుపుకున్నారు. గొర్రెలు మనుషులను తినేస్తున్నాయని 1516లోనే థామస్ మోర్ అనే రచయిత రాశాడు. 1549లో నార్ఫోక్‌లో జనం కంచెలు పీకడం మొదలుపెట్టారు. రాబర్ట్ కెట్ అనే భూమిగల ఆసామి ఇంటికీ వచ్చారు. ఆయన వాళ్లను ఎదిరించలేదు. వాళ్ల ఫిర్యాదు న్యాయమేనని తన కంచె తనే తీయించి, వాళ్లకు నాయకుడయ్యాడు. నార్విచ్ పక్కన మౌస్‌హోల్డ్ మిట్టమీద వేలమంది వారాల తరబడి విడిది చేశారు. సైన్యం వచ్చి వాళ్లను నరికింది, ఆ డిసెంబరులో కెట్‌ను నార్విచ్ కోటలో ఉరితీశారు. 1607లో నార్తాంప్టన్‌షైర్, దాని చుట్టుపక్కల మళ్లీ అదే తిరుగుబాటు, మళ్లీ అదే అణచివేత. ఒక తేడా గమనించాలి. కెట్ లాంటి కలిగిన రైతు 1549లో కూలీలతో కలిసి నడిచాడు. 1607 నాటికి అలాంటివాళ్లు చాలావరకు కంచెకు అటువైపు ఉన్నారు.

ఇంత ఒత్తిడిలో పెళ్లిళ్లు ఎలా జరిగేవి? అప్పటి ఇంగ్లండ్‌లో అందరివీ ఉమ్మడి కుటుంబాలనీ, ఆడపిల్లలకు పన్నెండు పదమూడేళ్లకే పెళ్లయ్యేదనీ, ఫ్యాక్టరీలు వచ్చాక కుటుంబాలు చిన్నవయ్యాయనీ నేను చాలాకాలం అనుకున్నాను. పారిష్ పుస్తకాలూ, ఊరి జనం జాబితాలూ దీన్ని తలకిందులు చేశాయి. ఇంటికి సగటున అయిదుగురు కూడా లేరు. ఆడవాళ్లకు మొదటి పెళ్లి సుమారు 25, 26 ఏళ్లకు, మగవాళ్లకు 27, 28కి. కారణం సూటిగా ఉంది. పెళ్లంటే వేరు కాపురం, వేరు కాపురానికి డబ్బు కావాలి, ఆ డబ్బు ఇద్దరూ సంపాదించుకోవాలి.

అందుకే పదిహేను నుంచి పాతికేళ్ల లోపు వాళ్లలో సగం మందికి పైగా వేరే ఇంట్లో పాలేర్లుగానో పనిపిల్లలుగానో ఉండేవాళ్లు. పాలేరు అన్న మన మాట దీనికి బాగా అతుకుతుంది. ఏడాదికి ఒప్పందం, యజమాని ఇంట్లోనే తిండీ పడకా, ఏడాది చివర జీతం. దక్షిణాన సెప్టెంబరు 29న వచ్చే మైకెల్‌మస్ పండగకు, ఉత్తరాన నవంబరు 11న వచ్చే మార్టిన్‌మస్‌కు యజమాని మారేవాళ్లు. మన దగ్గర పాలేరుతనం చాలాసార్లు కులంతోనూ తాతలనాటి అప్పుతోనూ ముడిపడి ఉండేది. అక్కడ అది వయసుకు ముడిపడింది: కాస్త భూమి ఉన్న రైతు కూడా కొడుకును పక్క ఊరికి పాలేరుగా పంపేవాడు. పదేళ్లు కూడబెట్టి, ఒక ఆవునో మగ్గాన్నో సమకూర్చుకుని పెళ్లాడేవాళ్లు. తిండి ధర పెరిగినకొద్దీ ఈ ఏర్పాటు కూడా సడలింది. ఇంట్లో పెట్టుకుని మేపడం కంటే అవసరమైన రోజున కూలికి పిలవడం రైతుకు చవక. పాలేరు రోజుకూలీ అయ్యాడు. పెళ్లి ఇంకా వెనక్కి జరిగింది, కొందరికి అసలు జరగలేదు.

ఇక దానధర్మాల సంగతి. 1536 నుంచి 1540 మధ్య హెన్రీ ప్రభుత్వం దాదాపు ఎనిమిది వందల క్రైస్తవ మఠాలను మూసేసింది. భూములు కొన్నవాళ్లకు చేరాయి. మఠం వాకిట్లో దొరికే రొట్టె పోయింది. కొన్నేళ్లకే ఊరి పండగలు, చర్చి కోసం బీరు కాచి అందరూ తాగి చందా ఇచ్చే విందులు కూడా చాలాచోట్ల ఆగిపోయాయి. ఎవరైనా నష్టపోతే అలాంటి విందే పెట్టి వాళ్లను ఆదుకోవడం అంతకుముందు ఊరి పద్ధతి.

ఆ ఖాళీలోకి చట్టం వచ్చింది. 1598లో చేసి 1601లో మళ్లీ స్థిరపరిచిన పేదల చట్టం ప్రకారం ప్రతి పారిష్ తన పేదలను తనే పోషించాలి. ఈ పని చూసే ఓవర్‌సీర్లను నియమించి, ఇల్లూ భూమీ ఉన్నవాళ్ల మీద పన్ను వేసి, ముసలివాళ్లకూ అనాథలకూ వితంతువులకూ వారంవారం డబ్బివ్వాలి. వారానికి ఆరు పెన్నీలో, ఒక షిల్లింగో. జోళ్లు, చొక్కా, చలికాలం కట్టెలు, చనిపోతే శవవస్త్రం. ఈ చట్టాన్ని నేను తక్కువ చేయను. దేశమంతటా పన్ను వేసి పేదలను పోషించే ఏర్పాటు అప్పటి యూరప్‌లో మరెక్కడా ఈ స్థాయిలో లేదు. 1623లో వాయవ్యాన కంబర్లాండ్, వెస్ట్‌మోర్‌లాండ్‌లలో జనం ఆకలితో చనిపోయారు. ఆ తర్వాత ఇంగ్లండ్‌లో అలాంటి కరువు చావులు రాలేదు. ఫ్రాన్స్‌లో 1693, 94లలో లక్షలమంది పోయారు. సాగు మెరుగుపడటం ఒక కారణమైతే ఈ వారపు ఆరు పెన్నీలు ఇంకో కారణం.

కానీ ఆ డబ్బు ఎవరి చేతిమీదుగా వచ్చేదో చూడాలి. ఓవర్‌సీరు ఊళ్లోని పెద్ద రైతే. 1641, 42లలో పార్లమెంటు పక్షాన ప్రమాణపత్రాల మీద సంతకాలు పెట్టించినప్పుడు మగవాళ్లలో పదిమందిలో ఏడుగురు పేరు రాయలేక గుర్తు వేశారు. లెక్కల పుస్తకం రాయగలవాడు ఆ మిగిలిన ముగ్గురిలో ఒకడు. నిన్నటిదాకా పొరుగువాడు, ఇవాళ ఎవరు అర్హులో తేల్చే అధికారి. 1662 చట్టంతో, ఏడాదికి పది పౌండ్లకు తక్కువ అద్దె ఇంట్లో కొత్తగా దిగినవాళ్లను, ముందు ముందు భారమవుతారని తోస్తే, నలభై రోజుల్లోపు ఊరు దాటించవచ్చు. నెలలు నిండిన ఆడవాళ్లను తమ పారిష్‌లో కాన్పు కాకుండా పొలిమేర దాటించిన సందర్భాలు ఎన్నో ఉన్నాయి, ఎందుకంటే పుట్టిన బిడ్డ పోషణ ఆ పారిష్ మీద పడుతుంది. 1697లో సహాయం తీసుకునేవాళ్లంతా కుడి భుజం మీద ఎరుపో నీలమో గుడ్డతో పెద్ద 'పీ' అక్షరాన్ని, పారిష్ మొదటి అక్షరాన్ని కుట్టించుకోవాలన్నారు. పొట్ట నిండింది, తల వంగింది.

మంత్రగత్తెల కేసులను కూడా ఈ చీలికలోంచే చూడాలని 1970ల ప్రాంతంలో కీత్ థామస్, అలన్ మాక్‌ఫర్లేన్ అనే చరిత్రకారులు వాదించారు. మాక్‌ఫర్లేన్ ఎసెక్స్ కోర్టు కాగితాలు తిరగేశాడు. పదేపదే ఒకే వరస. ఒక పేద ముసలావిడ పొరుగింటికి వచ్చి కాస్త పాలో, వెన్నో, పులియబెట్టే ఈస్టో అడుగుతుంది. ఇల్లాలు లేదంటుంది. ముసలావిడ గొణుక్కుంటూ పోతుంది. తర్వాత బిడ్డకు జబ్బు చేస్తుంది, లేదా ఆవు చస్తుంది. లేదన్న ఇల్లాలికి లోపల గుచ్చుకుంటూనే ఉంది, ఎందుకంటే పాత ధర్మం ప్రకారం ఇవ్వాలి. కొత్త చట్టం ప్రకారం ఆమె మొగుడు పన్ను కట్టేశాడు. ఆ తప్పు భారం ముసలావిడ మీదికి శాపంగా తిరిగింది. తర్వాతి పరిశోధకులు ఇది అన్ని కేసులకూ సరిపోదన్నారు. సమానుల మధ్య తగాదాలు కూడా చాలా ఉన్నాయి, 1645లో మాథ్యూ హాప్కిన్స్ నడిపిన వేట రాజుకూ పార్లమెంటుకూ మధ్య సాగిన అంతర్యుద్ధపు అరాజకంలో పెరిగింది. ఒప్పుకోవాల్సిందే. అయినా ఆ వాకిలి దృశ్యం నన్ను వదలదు. ఇంగ్లండ్‌లో ఈ నేరానికి సుమారు 500 మందిని ఉరితీశారు, ఎక్కువమంది ఆడవాళ్లే. అన్నట్టు, ఇదే మాక్‌ఫర్లేన్ ఆ తర్వాత నేపాల్ గురుంగుల మీద మానవశాస్త్ర పరిశోధన చేశాడు. అప్పుడు ఆయన గురువు క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్, మన నల్లమల చెంచుల మధ్య, ఆదిలాబాద్ గోండుల మధ్య బతికి వాళ్ల గురించి రాసిన మనిషి.

1688 నాటి దేశాన్ని గ్రెగరీ కింగ్ అనే అధికారి ఒక పట్టికలో పెట్టాడు. మొత్తం 55 లక్షల మంది అని ఆయన అంచనా. కూలీలు, గుడిసెవాసులు, మామూలు సైనికులు, నావికులు కలిపి దాదాపు 28 లక్షలు, అంటే సగం కంటే ఎక్కువమంది. వాళ్లందరినీ దేశ సంపదను తగ్గించేవాళ్ల వరసలో రాశాడు. పొలం దున్నింది వాళ్లు, ఉన్ని వడికింది వాళ్లు. కౌళ్లూ తిండి ధరలూ పోగా వాళ్ల చేతిలో ఏమీ మిగలలేదు కాబట్టి లెక్కలో భారంగా తేలారు. అధికారి రాసిన ఒక గీత కింద ఒక దేశంలో సగం మంది ఉండిపోయారు.

అయితే 1650 తర్వాత జనాభా పెరగడం ఆగింది, ధాన్యం ధర దిగింది, కూలికి కాస్త విలువ వచ్చింది. కిందివాళ్లు కూడా కొత్త వస్తువులు కొనసాగారు. మన తీరం ఇక్కడ కథలోకి వస్తుంది. 1611లో ఈస్టిండియా కంపెనీ వాళ్ల గ్లోబ్ అనే ఓడ మచిలీపట్నం చేరింది. అక్కడ దొరికేది చిరివేరు ఎరుపుతో అద్దిన చీటీగుడ్డ, ఎన్ని ఉతుకులు ఉతికినా రంగు పోనిది, ఇంగ్లండ్‌లో ఎవరూ చేయలేనిది. 1663 సెప్టెంబరులో నౌకాదళ అధికారి శామ్యూల్ పీప్స్, తన భార్య చదువుకునే గదికి గోడలకు వేయించడానికి అద్దకం బట్ట కొన్నానని డైరీలో రాసుకున్నాడు. ఆ శతాబ్దం చివరికి గుజరాత్, బెంగాల్, కోరమాండల్ బట్ట మామూలు ఆడవాళ్ల ఒంటి మీదికి కూడా వచ్చింది. తేలిక, చవక, ఉతుక్కోవచ్చు. ఇళ్లలో పనిచేసే పిల్లలు యజమానురాళ్లలా తయారవుతున్నారని పెద్దింటివాళ్లు సణిగారు.

ఉన్ని, పట్టు నేతగాళ్లకు ఇది పొట్ట మీద దెబ్బ. అద్దిన బట్ట దిగుమతిని పార్లమెంటు 1701 నుంచి ఆపింది. తెల్ల బట్ట తెచ్చి లండన్‌లోనే అద్దకం వేశారు. 1719 వేసవిలో లండన్‌లోని స్పిటల్‌ఫీల్డ్స్ పేట నేతగాళ్లు వీధుల్లోకి వచ్చి అద్దకం గౌను వేసుకున్న ఆడవాళ్లను పట్టుకుని ఒంటిమీది బట్ట చింపారు, కొందరి మీద ఆమ్లం చల్లారు. ఆ నేతగాళ్ల ఇళ్లలో నిజంగానే ఆకలి ఉంది. వాళ్ల చేతికి చిక్కినవాళ్లలో పనిమనుషులున్నారు, హారిసన్ కాలంలో గడ్డిపరకలు గుచ్చుకుంటూ పడుకున్న పనిపిల్లల తర్వాతి తరాలవాళ్లు. 1721లో పార్లమెంటు అలాంటి గౌను వేసుకోవడమే నేరం చేసింది. జరిమానా అయిదు పౌండ్లు. ఒక పనిమనిషి ఏడాదంతా చాకిరీ చేస్తే వచ్చే జీతం దాదాపు అంతే.